పంపు బాగానే ఉంది, పైపు చూడండి

పెట్రోలు బండికి డీజిల్ ఇంజన్ ఎక్కించినవాళ్ల, ఎక్కించాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి వరసగా వచ్చాయి. బెజవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు విప్పి బిగించడమే నా బతుకుదెరువు కాబట్టి ఎడిటర్ గారు అన్నీ నాకే పంపారు. ఇంజన్ ఎలా ఎక్కించాలని ఎవరూ అడగలేదు. గొడవ చాలావరకు ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న ఆ ఆరడుగుల దారిలోనే ఉంది.

ప్రశ్న: మేస్త్రిగారికి నమస్కారం. మా నాన్నగారి కాలంనాటి మహీంద్రా జీపు ఉంది, 1974 మోడల్, పెట్రోలుది. హరికేన్ ఇంజన్ పూర్తిగా అరిగిపోతే, తుక్కుకు వచ్చిన ఎమ్‌ఎమ్ 540 జీపు నుంచి ప్యూజో డీజిల్ ఇంజన్ కొని ఎక్కించాం. ట్యాంకు, పైపులు పాతవే. ఊళ్లో తిరిగితే బాగుంటుంది. లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం లాగడం తగ్గిపోయి, కొట్టుకుని కొట్టుకుని ఆగిపోతుంది. ప్రైమర్ (డీజిల్‌ని చేత్తో తోసే చిన్న పంపు) కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పంపు రెండుసార్లు కాలిబ్రేషన్ చేయించాను. నాజిళ్లు కొత్తవి. ఇప్పుడు హెడ్-రోటర్ (పంపులో డీజిల్‌ని ప్రెషర్‌తో నాజిళ్లకి పంచే భాగం) పోయింది, మార్చాలంటున్నారు. ట్యాంకు నిండా కొట్టించినప్పుడు ఒకటి రెండు రోజులు ఈ బాధ ఉండదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: ఉత్తరం మొత్తంలో అసలు మాట మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు: ట్యాంకు నిండా ఉంటే బాధ ఉండదని. హెడ్-రోటర్‌కి డబ్బు కట్టకండి. ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో పంపుకి తెలియదు. హెడ్-రోటర్ అరిగితే ట్యాంకు నిండా ఉన్నా అరిగినట్టే ఉంటుంది.

నిజంగా హెడ్-రోటర్ పోయిన రోటరీ పంపు ఎలా ప్రవర్తిస్తుందో చెబుతాను, మీ బండితో పోల్చుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. బాగా తిరిగి, వేడి మీద ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ కొడితే అందుకోదు. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన సందులోంచి జారిపోతుంది కాబట్టి నాజిల్‌ని లేపేంత ప్రెషర్ రాదు. అప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపాగి కొడితే స్టార్ట్ అవుతుంది. పాత డ్రైవర్లందరికీ ఈ తడిగుడ్డ వైద్యం తెలుసు. మీ బండి తడిగుడ్డ అడగడం లేదు, ప్రైమర్ అడుగుతోంది. అంటే పంపుకి డీజిల్ అందడం లేదు, లేదా డీజిల్‌తో పాటు గాలి అందుతోంది.

గాలి ఎక్కడిదంటే, మీ జీపుకి ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది. అందులోంచి ఒక సన్న గొట్టం కిందికి దిగి డీజిల్‌ని పైకి లాగుతుంది. 1974 నాటి గొట్టం అది. తుప్పు పట్టి మధ్యలో ఎక్కడో సూది బెజ్జమంత చిల్లు పడి ఉంటుంది. ట్యాంకు నిండా ఉంటే ఆ చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. సగానికి దిగగానే చిల్లు పైకి తేలుతుంది. కొబ్బరిబొండాం స్ట్రాకి చిల్లు పడితే ఎంత పీల్చినా నీళ్లు రావు చూడండి, అదే సంగతి. ఘాట్‌లోనే ఎందుకంటే, బండి ముక్కు పైకి లేస్తే ఇంజన్ ఎత్తుకి వెళ్తుంది, ట్యాంకు దిగువన ఉండిపోతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఇంకాస్త బలంగా పీల్చాలి. పైగా లోడు మీద డీజిల్ ఎక్కువ కావాలి. ఎంత బలంగా పీలిస్తే చిల్లులోంచి అంత గాలి.

మరి ఇదే గొట్టం హరికేన్ ఇంజన్‌కి ఇన్నేళ్లు ఎలా పనిచేసిందని మీకు అనుమానం రావాలి. కార్బొరేటర్‌కి ఫ్లోట్ చాంబర్ ఉంటుంది. పైపులో నాలుగు బుడగలు వచ్చినా చాంబర్‌లో పైకి తేలి బయటికి పోతాయి, ఇంజన్‌కి ఆ సంగతే తెలియదు. డీజిల్ పంపులో అలా గాలి వదిలే చోటు లేదు. ఈ ఇంజన్‌లో నాజిల్ లేవాలంటే వంద బార్‌కి పైగా ప్రెషర్ కావాలి. పంపులో డీజిల్ బదులు బుడగ ఉంటే, బుడగ నలుగుతుంది తప్ప ప్రెషర్ రాదు. నాజిల్ లేవదు. పెట్రోలు లైను బాగా పనిచేస్తోంది కదా, అదే ఉంచేద్దాం అనుకునేవాళ్లందరూ ఇక్కడే దెబ్బతింటారు.

ఇంకోటి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా లైను పీల్చే వైపు. అక్కడ జాయింటు లూజుగా ఉంటే గాలి లోపలికి పోతుంది కానీ, బండి నడుస్తుండగా డీజిల్ చుక్క బయటికి రాదు. అందుకే మెకానిక్ కింద పడుకుని చూసి, లీకు లేదండీ, పొడిగా ఉందండీ అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. లీకు లోపలికి ఉంది.

నమ్మకం కుదరకపోతే డబ్బా పరీక్ష చేయండి. 5 లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపు కంటే ఎత్తులో, సైలెన్సర్ వైపుకి దూరంగా, కదలకుండా కట్టండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి ఫీడ్ పంపుకి డబ్బా నుంచే పైపు పెట్టండి. రిటర్న్ (వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే పైపు) కూడా డబ్బాలోకే వదలండి. గాలి తీసి, ఆ ఎత్తు మీదికే పోనివ్వండి. బండి ఆగకుండా లాగితే పంపు, నాజిల్ రెండూ నిర్దోషులు. ఆ తర్వాత మళ్లీ ట్యాంకు లైను తగిలించి, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు పెట్టి రేస్ చేయండి. బుడగలు వరస కట్టి పోతుంటే మీ కళ్లతో మీరే చూస్తారు. చూశాక ఆ ప్లాస్టిక్ పైపు తీసేయండి. ఇంజన్ వేడికి గట్టిపడి అదే ఇంకో లీకు అవుతుంది.

ఇక చేయించాల్సిన పని. ట్యాంకులో పీల్చే గొట్టం కొత్తది వేయించండి. దాని చివర పెట్రోలు కాలంనాటి సన్నజాలి ఉంటే తీసేసి ముతకజాలి పెట్టించండి. డీజిల్ చిక్కన, సన్నజాలిలోంచి పీల్చడం కష్టం. మీవైపు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన ప్రమాణాల ప్రకారం డీజిల్ చలికి ఫిల్టర్‌లో అడ్డుపడకుండా పారాల్సిన హద్దు శీతాకాలపు సరుకుకి 6 డిగ్రీలు, వేసవి సరుకుకి 18 డిగ్రీలు. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి 18 కిందికి సులువుగా దిగిపోతుంది, ఒక్కోసారి 6 కిందికీ పోతుంది. డీజిల్‌లోని మైనం పేరుకుని మొదట మూసుకుపోయేది ఆ సన్నజాలే.

పైపు లోపలి వ్యాసం 8 ఎంఎం ఉన్న స్టీలుది వేయండి. రాగి పైపు వంచడం తేలికని చాలామంది వేస్తారు. నాకు నచ్చదు. రాగి తగిలితే డీజిల్ త్వరగా పాడై జిగురు కడుతుంది. బండి అదురుకి రాగి గట్టిపడి విరుగుతుంది కూడా. రబ్బరు గొట్టం అవసరమైన చోట మాత్రమే, చిన్న ముక్క, డీజిల్‌కి పనికొచ్చేది, రెండు వైపులా క్లిప్పులతో. తీగ చుట్టి మెలిపెట్టడం వద్దు.

రిటర్న్ సంగతి మీరు రాయలేదు. పెట్రోలు ట్యాంకుకి రిటర్న్ దారి లేదు కాబట్టి మీ మెకానిక్ దాన్ని టీ ఆకారం జాయింటు వేసి సక్షన్ (పీల్చే) లైనులోనే కలిపి ఉంటాడని నా అనుమానం. ఆటోనగర్‌కి వచ్చే ఇలాంటి బండ్లలో తరచూ కనిపించేదే. పంపులోంచి బయటికి వచ్చిన వేడి డీజిల్, దానితో పాటు వచ్చిన బుడగలు మళ్లీ పంపులోకే పోతాయి. ఒకసారి గాలి పట్టిందంటే ఇక వదలదు. రిటర్న్ విడిగా ట్యాంకులోకే పోవాలి, అదీ పీల్చే గొట్టానికి దూరంగా పడాలి.

ఫిల్టర్ దగ్గర పీనాసితనం వద్దు. కింద నీళ్లు వదిలే స్క్రూ ఉన్నది పెట్టండి. పాత లారీలకి ఉన్నట్టు ముందు గుడ్డ ఫిల్టర్, తర్వాత కాగితం ఫిల్టర్ ఉన్న జంట గిన్నెలు దొరికితే మరీ మంచిది. పాత ట్యాంకు తుప్పు ముందు గుడ్డ దగ్గరే ఆగిపోతుంది. ట్యాంకు మూతకి గాలి బెజ్జం మూసుకుపోలేదు కదా అని కూడా చూడండి. మూత తెరిచినప్పుడు బుస్సుమని చప్పుడు వస్తే మూసుకుపోయినట్టే.

ఇదంతా చేశాక గాలి తీయడం ఓపిగ్గా చేయాలి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూలు, చివర్లో నాజిల్ దగ్గర నట్లు. ఈ వరస మార్చకండి. నురగ పోయి గట్టి ధార వచ్చేదాకా ప్రైమర్ కొట్టి అప్పుడు బిగించండి. నాజిల్ నట్లు వదులు చేసి గాలి తీయడం ఇలాంటి పాతకాలపు పంపులకే. ఈ మధ్య వచ్చిన కామన్ రైల్ బండ్లకి చచ్చినా చేయకూడదు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది.

పంపు రూం నడిపేవాణ్ణి నేనే పంపు విప్పొద్దంటున్నాను, ఆలోచించుకోండి. ఆర్‌సీలో ఇంకా పెట్రోలు అనే ఉందా? దాని గురించి కింద హైదరాబాదు పాఠకుడికి రాసినది మీరూ చదవండి.

ప్రశ్న: పాత పెట్రోలు ట్యాంకుకే రిటర్న్ పైపు వెల్డింగ్ చేయించుకుందామనుకుంటున్నాను. పెట్రోలు మొత్తం వంపేసి నాలుగు రోజులు ఎండలో పెట్టాను, వాసన కూడా లేదు. వెల్డర్ మాత్రం భయపడుతున్నాడు. ఏమైనా చిట్కా ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెల్డర్ భయపడ్డందుకు ఆయనకి ఒక టీ ఇప్పించండి. నిండా పెట్రోలు ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. మండేది పెట్రోలు ఆవిరి, దానికి కావాల్సిన గాలి ఖాళీ ట్యాంకులో దండిగా ఉంటుంది. మడతల్లో, అతుకుల్లో, తుప్పు పొరల కింద దాక్కున్న పెట్రోలు మంట సెగకి మళ్లీ ఆవిరవుతుంది. వాసన లేదు కదా అని మంట దగ్గరికి తీసుకెళ్లిన ట్యాంకులు పేలి ప్రాణాలు పోయిన సంగతులు మన వర్క్‌షాపుల్లో కొత్తేం కాదు.

చిట్కా అడిగారు కాబట్టి చెబుతాను. ట్యాంకుకి మంట చూపించాల్సిన అవసరమే లేదు. పెట్రోలు గేజి ఫ్లోట్ (ఇంధనం మీద తేలే బుడ్డి) ఉండే గుండ్రటి ప్లేటు ట్యాంకు పైన స్క్రూలతో బిగించి ఉంటుంది. స్క్రూలు ఊడదీసి ఆ ప్లేటుని ట్యాంకు నుంచి వేరు చేసి దూరంగా బల్ల మీదికి తీసుకెళ్లండి. ఫ్లోట్, గేజి వైర్లు విప్పేసి, ప్లేటు ఒక్కదాన్నీ బాగా కడిగి, దానికే రెండు బెజ్జాలు వేయించి, పీల్చే గొట్టం ఒకటి, రిటర్న్ గొట్టం ఒకటి ఇత్తడి వెల్డింగ్ చేయించండి. పీల్చేది ట్యాంకు అడుగుకి ఒక అంగుళం పైన ఆగాలి. అడుగున నీళ్లు, మడ్డి చేరతాయి, వాటిని పీల్చకూడదు. రిటర్న్ గొట్టం పక్కకి వంచి వదలండి. రెండూ ఫ్లోట్ ఊగే దారికి అడ్డం రాకుండా చూసుకోండి. కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేయండి. ట్యాంకు అడుగే చిల్లు పడి ఉంటే మాత్రం దాని మీద ప్రేమ వదులుకోండి. తుక్కు దుకాణంలో డీజిల్ బండి ట్యాంకు దొరుకుతుంది.

లోపల మిగిలిన పెట్రోలు కూడా డీజిల్‌లో కలవకూడదు. రోటరీ పంపుకి డీజిలే నూనె, వేరే ఆయిల్ ఉండదు. పెట్రోలు కలిస్తే ఆ జిడ్డు తగ్గి లోపలి భాగాలు రాసుకుపోతాయి. కొద్దిగా డీజిల్ పోసి, ఊపి, పారబోయండి. రెండు మూడుసార్లు అలా చేశాకే నింపండి.

ప్రశ్న: నా దగ్గర 2004 జిప్సీ ఉంది, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం). మైలేజీ రావడం లేదని డీజిల్ ఇంజన్ పెట్టించాలనుకుంటున్నాను. ట్యాంకులో ఉన్న ఎలక్ట్రిక్ పంపు అలాగే ఉంచితే డీజిల్‌ని బాగా తోస్తుంది కదా? ఇంకేం మార్చాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ పంపు తీసేయాలి. అది పెట్రోలుని రెండున్నర, మూడు బార్ ప్రెషర్‌తో తోయడానికి చేసింది. పాత రకం డీజిల్ పంపు ముఖద్వారం దగ్గర అంత ప్రెషర్ పెడితే లోపలి అడ్వాన్స్ (డీజిల్ చిమ్మే సమయం) లెక్కలు తప్పుతాయి, షాఫ్ట్ సీలు తన్నుకుని డీజిల్ బయటికి రావచ్చు. పోనీ కరెంటు తీసేసి అక్కడే వదిలేద్దామంటే, ఆగిపోయిన పంపులోంచి డీజిల్‌ని పీల్చడం ఇంజన్‌కి కష్టం. ప్లేటు అలాగే ఉంచి, పంపు స్థానంలో మామూలు గొట్టం పెట్టించండి. మీకొక సుఖం ఉంది. ఇలాంటి పాత ఎంపీఎఫ్ఐ బండికి రిటర్న్ లైను సాధారణంగా కంపెనీదే ఉంటుంది, దాని వ్యాసం మాత్రం సరిపోతుందో లేదో చూసుకోవాలి. పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా తీసేయొచ్చు కానీ, ట్యాంకు ఊపిరి పీల్చే గొట్టాన్ని బిరడా కొట్టి మూసేయకండి.

తాళం తిప్పితే పెట్రోలు ఇంజన్ ఆగుతుంది, స్పార్క్ పోతుంది కాబట్టి. డీజిల్ ఇంజన్ ఆగాలంటే దానికి డీజిల్ అందడం ఆగాలి. పంపు మీద సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉంటే దానికి తాళం నుంచి కరెంటు ఇవ్వాలి. లేకపోతే స్టాప్ కేబుల్ లాగాలి. ఇక ఫ్యూయల్ లైనుకి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను: మీ బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు తొక్కడం తేలిక చేసే భాగానికి) వాక్యూమ్ ఇప్పుడు పెట్రోలు ఇంజన్ మేనిఫోల్డ్ నుంచి వస్తోంది. డీజిల్ ఇంజన్‌కి ఆ వాక్యూమ్ ఉండదు. డైనమో వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఇంజనే తీసుకోండి. లేకపోతే మొదటి దిగుడులోనే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడి, ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగదు.

ఇదంతా నువ్వు చేస్తావా అని అడిగితే, మీ బండికి చేయను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. గ్యాస్, బ్యాటరీలాంటి వేరే ఇంధనానికి మారడానికి ఆమోదం ఉన్న కిట్‌లకి చట్టంలో దారి ఉంది కానీ, తుక్కు దుకాణంలో కొన్న ఇంజన్ కిట్ అవ్వదు. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట చూసేది ఇంజన్ నంబరే. ముందు ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లి కాగితం మీద అడగండి. కాగితం మీదే జవాబు తీసుకోండి.

డబ్బు లెక్క కూడా పాతది కాదు. అంబాసిడర్లకి మెటాడోర్ ఇంజన్లు ఎక్కించిన రోజుల్లో డీజిల్ ధర పెట్రోలుకి ఎంతో దిగువన ఉండేది, టాక్సీవాళ్లకి పెట్టిన ఖర్చు తొందరగానే వెనక్కి వచ్చేది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. ఆ పెద్ద తేడా ఇప్పుడు లేదు. ఇంజన్, గేరుబాక్సు, మౌంటింగులు, లైను, కూలీ అన్నీ కలిపి లెక్క వేసి, మీరు నెలకి తిరిగే కిలోమీటర్లతో భాగించి చూడండి. ఆ డబ్బుతో ఇప్పుడున్న ఇంజన్‌నే బాగుచేయించుకోమని నా సలహా.

ప్రశ్న: నమస్తే సార్, నేను ఐటీఐ డీజిల్ మెకానిక్ చదువుతున్నాను. మా దగ్గర ఒక అన్న నాజిల్ బయట పెట్టి, స్ప్రే ఎలా వస్తోందో అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తాడు. మేమూ అలా నేర్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: వద్దు బాబూ. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి దూసుకుని లోపలికి పోతుంది. బయటికి దోమ కుట్టినంత చుక్క కనపడుతుంది. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. గంటలు గడిచేసరికి లోపల కండ కుళ్లడం మొదలై వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఎవరికైనా అలా జరిగితే చిన్న గాయమే కదా అని పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. స్ప్రే చూడాలంటే టెస్టర్ మీద, కళ్లద్దాలు పెట్టుకుని, దూరం నుంచి చూడాలి. టెస్టర్ లేని చోట స్ప్రే చూడకపోయినా నష్టం లేదు.

ప్రశ్న: పెట్రోలు ట్యాంకులో డీజిల్ పోస్తున్నాం. పాత గేజి సరిగ్గా చూపిస్తుందా, మార్చాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మార్చక్కర్లేదమ్మా. ఫ్లోట్ ఏ ఇంధనంలోనైనా తేలుతుంది. డీజిల్ సాంద్రత కాస్త ఎక్కువ కాబట్టి ఫ్లోట్ ఒక పిసరు ఎక్కువ ఎత్తులో ఉండి, ముల్లు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాకా దిగకముందే కొట్టించుకోండి. పెట్రోలు బండిలో ట్యాంకు ఖాళీ అయితే మళ్లీ పోసి సెల్ఫ్ కొడితే సరిపోయేది. ఇప్పుడు ఖాళీ అయిందంటే రోడ్డు మీద స్పానర్ పట్టుకుని గాలి తీయాలి. 10 నంబరు, 17 నంబరు స్పానర్లు, ఒక పాత గుడ్డ సీటు కింద పెట్టుకోండి.